కుక్క కంట్లో పురుగు: భయపడే ముందు అది ఎక్కడుందో చూడండి

తిత్లీ తుపానుకి మా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలిన ఏడు, అంటే 2018లో, తడిసి ముద్దయిన కుక్కపిల్ల ఒకటి మా వాకిట్లోకి వచ్చి చేరింది. ఒళ్లంతా తెలుపు. అందుకని పిల్లలు వాడికి తెల్లోడని పేరు పెట్టారు. ఇప్పుడు వీధికంతా వాడే కాపలా. తెల్లటి ఒంటిమీద ఏ మరక పడినా ఇట్టే తెలిసిపోతుంది. పోయిన చలికాలంలో వాడి ఎడమ కంటి మూల నుంచి ముట్టె దాకా గోధుమరంగు చార ఒకటి దిగింది. కన్నీరు ఆగకుండా కారి వెంట్రుకలకి ఆ రంగు పట్టింది.

నలుసు పడిందేమో అనుకున్నాం. మర్నాటికి పుసి కట్టింది. ఆ మర్నాటికి కన్ను సగమే తెరుస్తున్నాడు. ముందరి కాలితో రుద్దుకోవడం, గోనెసంచి కనిపిస్తే దానికేసి మొహం రాయడం మొదలుపెట్టాడు. పక్కింటి పెద్దమ్మ చూసి, "పువ్వేసినట్టున్నాది బాబూ, తుమ్మి ఆకు పసరు పొయ్యి" అంది. నేను మందుల షాపుకి వెళ్లి అడిగితే మనుషులకి వేసే కంటి చుక్కలు ఇచ్చారు. రెండు రోజులు వేశాను. ఎరుపు కాస్త తగ్గినట్టే కనిపించింది.

ఆ తర్వాత ఒక పొద్దున అన్నం పెట్టి తల నిమురుతుంటే, కంటి లోపలి మూల నుంచి విరిగిన సేమ్యా ముక్కలాంటిది ఒకటి బయటికొచ్చింది. మెలికలు తిరుగుతూ నల్లగుడ్డు మీదుగా పాకి, కింది రెప్ప చాటుకి దూరిపోయింది. రెండు క్షణాలు కూడా పట్టలేదు. నాకు ఒళ్లు జలదరించింది.

సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసిపోయింది. పిల్లల్ని వాడి దగ్గరికి రానివ్వొద్దన్నారు. తోటలో వదిలేసి రమ్మన్నారు. ఒక కుర్రాడు ఫోన్లో వీడియో చూపించాడు, అందులో ఒక మనిషి కంటి తెల్లగుడ్డులో పొడుగాటి దారంలాంటి పురుగు కదులుతోంది. ఇంకో పెద్దాయన తన చిన్నప్పుడు ఎద్దు కంట్లో ఈదిన పురుగు సంగతి చెప్పాడు. అందరూ "కంట్లో పురుగు" అనే అంటున్నారు. కానీ తెల్లోడి కంట్లో పాకింది, వీడియోలో కదిలింది, ఎద్దు కంట్లో ఈదింది మూడూ వేరు వేరు పురుగులు. వచ్చే దారులు వేరు. వైద్యం కూడా వేరు. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తే కన్నే పోవచ్చు. ఆ తేడా తెలియక మా వీధి ఒక మంచి కుక్కని వదిలేసేదాకా వెళ్లింది కాబట్టి, తర్వాత నేను డాక్టర్లని అడిగి, చదివి తెలుసుకున్నది వివరంగా రాస్తున్నాను.

అరుగు మీద, సున్నం కింద, గది లోపల

కన్నుని ఒక ఇల్లనుకోండి. రెప్పల వెనక, గుడ్డు పైన, కన్నీరు తడుపుతూ ఉండే ఖాళీ ఉంటుంది. అది వీధి అరుగు. తెల్లగుడ్డుని అతుక్కుని పలచటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, గోడకి వేసిన సున్నంలాగా. గుడ్డు లోపల, నల్లగుడ్డు వెనక, నీరు నిండిన గది ఉంటుంది.

అరుగు మీద తిరిగే పురుగు థెలేజియా. సున్నం పొర కింద పాకేది ఎక్కువగా డైరోఫిలేరియా రెపెన్స్. గది లోపల నీళ్లలో ఈదేది పశువుల్లో, గుర్రాల్లో అయితే సాధారణంగా సెటేరియా. కుక్కల్లో అరుదుగా గుండె పురుగు, అంటే కుక్క గుండెలో బతికే పురుగు, దాని పిల్ల దారి తప్పి అక్కడికి చేరుతుంది.

ఇంట్లో టార్చి వేసి చూసినా కొంత తేడా తెలుస్తుంది. పురుగు రెప్ప కిందికి దూరి మాయమై, మళ్లీ ఇంకో మూల నుంచి వస్తే అది అరుగు మీద ఉన్నట్టు. తెల్లగుడ్డు మీద నరంలా ఉబ్బెత్తుగా కనిపిస్తూ, రెప్ప ఆడించినా దాని చోటు దానిదే అయితే పొర కింద ఉన్నట్టు. నల్లగుడ్డు వెనక, గాజు సీసాలో నీళ్లమధ్య దారం ఊగినట్టు ఊగుతుంటే లోపల ఉన్నట్టు. ఖాయంగా చెప్పాల్సింది పశువైద్యులే అయినా, ఫోన్లో డాక్టరుకి చెప్పేటప్పుడు ఈ ఒక్క వివరం చాలా పనికొస్తుంది.

కన్నీరు తాగే ఈగ

తెల్లోడి కంట్లో ఉన్నది థెలేజియా. కుక్కల్లో కనిపించే రకాన్ని థెలేజియా కాలిపీడా అంటారు. తెల్లగా, సన్నగా, సుమారు ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు పొడుగుంటుంది. ఆడది మగదానికన్నా కాస్త పెద్దది. కుక్కలోనే కాదు, పిల్లి, నక్క, తోడేలు, కుందేలు, చివరికి మనిషి కంట్లోనూ బతకగలదు.

ఇది ఎక్కడో విదేశాల నుంచి జాతి కుక్కలతో దిగిన జబ్బు అని చాలామంది అనుకుంటారు. అసలు దీన్ని మొదట వర్ణించిందే మన ఉపఖండపు కుక్కలో. అప్పటి పంజాబులోని రావల్పిండిలో ఒక కుక్క కంటి నుంచి తీసిన పురుగుల్ని చూసి 1910లో రాయే, ఆన్రీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. యూరప్‌లో మొదట ఇటలీలో కనిపించింది 1980ల చివర్లో. అక్కడి నుంచి ఫ్రాన్సు, స్విట్జర్లాండు, స్పెయిను దేశాలకి పాకింది. అంటే వాళ్లకి కొత్త, మన వైపుకి పాత.

దీని బతుకు తీరు తెలిస్తే సగం భయం పోతుంది. ఆడ పురుగు గుడ్లు పెట్టదు, కంటికి కనిపించనంత చిన్న పిల్లల్ని నేరుగా కన్నీట్లోకి వదులుతుంది. ఆ పిల్లలు ఆ కంట్లో ఎదగలేవు. పక్క కుక్క కంట్లో పడినా ఎదగలేవు. కన్నీరు తాగడానికి వచ్చిన ఒక రకం ఈగ వాటిని మింగాలి. ఆ ఈగ ఒంట్లో రెండు మూడు వారాలు పెరిగి, రెండుసార్లు కుబుసం విడిచి, ఈగ మూతి దగ్గరికి చేరాలి. అదే ఈగ ఇంకో కంటి మీద వాలి కన్నీరు తాగేటప్పుడు కిందికి దిగాలి. అక్కడ ఇంకో ఐదు వారాలకి పెద్దపురుగు అవుతుంది.

ఇందులోంచి రెండు సంగతులు తేలుతాయి. ఒకటి, ఈగ మధ్యలో లేకుండా కంటి నుంచి కంటికి ఇది రాదు. కుక్కని ముట్టుకుంటే రాదు, నాకితే రాదు, కన్నీరు చేతికి అంటితే రాదు. రెండోది, కంట్లో ఉన్న పురుగులు అక్కడే పిల్లల్ని పెట్టి లెక్కకి మించిపోవు. ఈగలు ఎన్ని దించాయో అన్నే ఉంటాయి. ఉన్నవాటిని ఏరి తీసేస్తే అక్కడికి అయిపోయినట్టే, మళ్లీ ఈగ వాలేదాకా.

మరి ఏ ఈగ? ఇక్కడ అందరం పొరబడతాం. అన్నం మీద వాలే మామూలు ఇంటి ఈగ దీన్ని మోయలేదు. యూరప్‌లో పరిశోధకులు ఇంటి ఈగతో ప్రయత్నించి చూశారు, పురుగు దాని ఒంట్లో ఎదగలేదు. మోసేది ఫోర్టికా అనే జాతి. అరటిపండు మగ్గితే చుట్టూ ముసిరే చిన్న ఈగలు ఉంటాయే, వాటి కుటుంబంలోది, వాటికన్నా కొంచెం పెద్దది. చెట్ల జిగురు, కుళ్లిన పండ్లు దీని తిండి. దానితోపాటు జంతువుల కన్నీరు. యూరప్‌లో తోటల్లో పట్టి కోసి చూసినప్పుడు పురుగు పిల్లలు దొరికింది మగ ఈగల్లోనే. సాధారణంగా రక్తం పీల్చే కీటకాల్లో జబ్బు మోసేది ఆడది. ఇక్కడ తిరగబడింది. ఈ ఈగ బాగా తిరిగేది 20 నుంచి 25 డిగ్రీల వేడిలో, గాలిలో తేమ ఉన్నప్పుడు. అంటే మిట్టమధ్యాహ్నపు ఎండలో కంటే చల్లబడిన వేళ, చెట్ల నీడన.

మన పల్లెల్లో పిల్లల కళ్ల చుట్టూ, దండేనికి వేలాడే తాళ్ల మీద గుంపులుగా వాలే నుసుములు వేరు. అవి కళ్లకలకలాంటివి అంటించగలవు కాబట్టి వాటినీ తోలాల్సిందే. కానీ ఈ పురుగుకి వాటిని బాధ్యుల్ని చేయక్కర్లేదు.

పురుగు చేసే చెరుపు విషం వల్ల కాదు, రాపిడి వల్ల. మైక్రోస్కోపు కింద దాని చర్మం అంచులు రంపం పళ్లలా ఉంటాయి. అలాంటిది రోజుకి ఎన్నిసార్లు నల్లగుడ్డు మీద పాకుతుందో ఆలోచించండి. మొదట నీరు కారడం, తర్వాత ఎరుపు, పుసి, వెలుతురు చూడలేకపోవడం. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, మానినా తెల్లటి పువ్వు మిగులుతుంది. మన పెద్దలు "పువ్వేసింది" అనేది తరచూ ఆఖరి మెట్టుని చూసి. పసరు పోసినా, ఉప్పు నమిలి కంట్లో ఉమ్మినా, పొగాకు నీళ్లు వేసినా పుండు ఇంకా రేగుతుంది.

డాక్టరు బల్ల మీద

తెల్లోడిని తీసుకెళ్తే డాక్టరుగారు ముందు అడిగింది, ఇప్పటిదాకా కంట్లో ఏం వేశారని. నేను చుక్కల సీసా చూపించాను. ఆవిడ దాని మీది అక్షరాలు చదివి పక్కన పెట్టేశారు. అందులో యాంటీబయాటిక్‌తోపాటు డెక్సామెథసోన్ ఉంది, అంటే స్టెరాయిడ్. స్టెరాయిడ్ ఎరుపుని చప్పున తగ్గిస్తుంది, అందుకే మాకు నయమవుతున్నట్టు అనిపించింది. కానీ నల్లగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు అదే మందు పుండు మానకుండా అడ్డుపడుతుంది. పుండు ఇంకా లోతుకి దిగి గుడ్డు చిల్లిపడే ప్రమాదం కూడా ఉంది. డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఈ పేర్లలో ఏది సీసా మీద కనిపించినా, డాక్టరు కన్ను చూడకుండా కుక్కకి గానీ మనిషికి గానీ వేయకండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి.

తర్వాత ఆవిడ నారింజ రంగు కాగితపు ముక్క చివర తడిపి కంటికి అంటించారు. నీలం లైటు వేసేసరికి నల్లగుడ్డు మీద నువ్వుగింజంత చోట పచ్చగా మెరిసింది. పై పొర లేచిపోయిన చోటే ఆ రంగు పట్టుకుంటుందట. పుండు ఉందో లేదో చెప్పే పరీక్ష అది, రెండు నిమిషాల పని.

ఆ తర్వాత కన్ను మొద్దుబారే చుక్కలు వేసి కాసేపు ఆగారు. నేను తల పట్టుకున్నాను, మా అబ్బాయి వెనక కాళ్లు పట్టుకున్నాడు. కుక్కకి కంటి లోపలి మూల మూడో రెప్ప ఒకటి ఉంటుంది, గులాబీ రంగులో. దాన్ని చిన్న పట్టకారుతో మెల్లగా ఎత్తి తిప్పారు. దాని వెనక మడతలో, మన జేబు మూలల్లో దారాలు పోగుపడినట్టు, పురుగులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. సూది తీసేసిన సిరంజితో సెలైన్ పోస్తుంటే ఒక్కొక్కటీ కొట్టుకొచ్చింది. రానివాటిని దూది చుట్టిన పుల్లతో తీశారు. ఎడమ కంట్లో ఐదు. ఇక చాలనుకున్నాను. ఆవిడ కుడి కన్ను కూడా చూడాల్సిందే అన్నారు. ఏ బాధా లేనట్టున్న ఆ కంట్లో ఇంకో రెండు. తెల్లోడు ఒక్కసారి కూడా అరవలేదు.

తీసిన పురుగుల్ని చిన్న సీసాలో వేసి నాకే ఇచ్చారు. పెద్ద ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడ చూపించమన్నారు. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పురుగు ఏ జాతిదో మైక్రోస్కోపు కింద తేల్చేవాళ్లు అలాంటి చోట్ల ఉంటారు. పురుగుని నీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. సెలైన్‌లో గానీ స్పిరిట్‌లో గానీ వేసి పట్టుకెళ్లాలి.

కనిపించినవి తీసినా, దాక్కున్నవి ఉండొచ్చు. వాటికోసం మందు. మాక్సిడెక్టిన్ ఉన్న చుక్కల మందు మెడ వెనక చర్మం మీద పోస్తారు, లేదంటే మిల్బెమైసిన్ మాత్ర ఇస్తారు. ఈ రెండూ ఈ పురుగు మీద బాగా పనిచేస్తాయని రుజువైంది. పల్లెల్లో ఎక్కువగా జరిగేది మాత్రం పశువులకి వాడే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కుక్కకి అంచనాగా పొడిచేయడం. కోలీ జాతి, దాని సంకరాలకి ఒక జన్యు లోపం వల్ల ఆ మందు మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. మిగతా కుక్కలకైనా మోతాదు బరువుని బట్టి లెక్కకట్టాలి, కంటితో చూసి కాదు.

దోమ తెచ్చేది

ఫోన్ వీడియోలో ఉన్న పొడుగాటి పురుగు సంగతికి వస్తాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి ఫైలేరియా గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. బోదకాలు ఉన్న మనిషి లేని ఊరు ఒకప్పుడు అరుదు. ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించడం మనందరం చూశాం. ఆ పురుగు పేరు వుచరేరియా బాంక్రాఫ్టై, అది మనిషిలోనే బతుకుతుంది. కుక్కకి రాదు. కుక్క నుంచి మనకి బోదకాలు రాదు.

కానీ దాని వరసలోదే కుక్కల ఫైలేరియా ఒకటుంది, డైరోఫిలేరియా రెపెన్స్. ఇది కుక్క చర్మం కింద కాపురం ఉంటుంది. ఆడది పది సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, కుట్టుదారం ముక్కలా. దాని పిల్లలు కుక్క రక్తంలో తిరుగుతుంటాయి. దోమ కుట్టి ఆ రక్తం తాగుతుంది, పిల్లలు దోమలో పది రోజులో రెండు వారాలో పెరుగుతాయి, ఇంకో కుక్కని కుట్టినప్పుడు దానికి దిగుతాయి. మళ్లీ అదే లెక్క. రక్తంలో తిరిగే పిల్లలు దోమ లేకుండా పెద్దవి కాలేవు.

చాలా కుక్కల్లో పైకి ఏమీ తెలియదు. కొన్నిటికి చర్మం మీద గడ్డలు, దురద. ఎప్పుడైనా ఒక పురుగు తిరుగుతూ తిరుగుతూ కంటి తెల్లగుడ్డు మీది పొర కిందికి వస్తే, అప్పుడు మనకి కనిపిస్తుంది. దాన్ని సెలైన్ పోసి కడిగితే రాదు. మత్తిచ్చి ఆ పొరని చిన్నగా కోసి బయటికి లాగాలి. అంతకుముందు రక్తం పరీక్ష చేయాలి. ఒక చుక్క రక్తాన్ని గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో పెడితే, ఎర్ర కణాల్ని అటూ ఇటూ తోసేస్తూ గిలగిలలాడే సన్నటి గీతలు కనిపిస్తాయి. అవే పిల్లలు. అవి ఎక్కువగా ఉన్న కుక్కకి ఒక్కసారిగా గట్టి మందు ఇస్తే అన్నీ కలిసి చచ్చి కుక్క షాక్‌లోకి పోవచ్చు. మనకి పంచే ఫైలేరియా మాత్రలు, డి.ఇ.సి., మిగిలాయి కదా అని కుక్క అన్నంలో కలపడం అందుకే ప్రమాదం. ముఖ్యంగా గుండె పురుగు ఉన్న కుక్కకి.

మనిషికి ఇది ఎలా వస్తుంది? ఆ పురుగు మోస్తున్న దోమ కుక్కకి బదులు మనల్ని కుడితే వస్తుంది. మన ఒంట్లో సాధారణంగా ఒక్క పురుగే, అదీ పూర్తిగా ఎదగకుండా, రెప్ప కిందో తెల్లగుడ్డు పొర కిందో తేలుతుంది. కంటి డాక్టరు చిన్న కోతతో తీసేస్తారు. కేరళలో ఇలాంటి కేసులు ఎక్కువగా నమోదయ్యాయి, మిగతా తీర రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. మనిషి నుంచి ఇంకో మనిషికి పోదు. ఆ వీడియో చూసి కుక్కని తరిమేస్తే ఏం లాభం? దోమ అక్కడే ఉంటుంది, పక్క ఊరి కుక్కా అక్కడే ఉంటుంది.

గుడ్డు లోపల ఈదేది

పెద్దాయన చెప్పిన ఎద్దు కథ నిజమే. సెటేరియా డిజిటాటా అనే పురుగు ఆవులు, గేదెల కడుపు కుహరంలో, పేగుల బయట, పెద్దగా చెరుపు చేయకుండా బతుకుతుంది. దీన్నీ దోమే మోస్తుంది. దాని పిల్ల గుర్రానికో, గొర్రెకో, మేకకో, ఒక్కోసారి పశువుకే దిగి దారి తప్పితే వెన్నుపాములోకో కంటి గదిలోకో చేరుతుంది. నల్లగుడ్డు నీలిరంగులోకి మసకబారుతుంది, వెనక తెల్లటి దారం ఊగుతూ కనిపిస్తుంది.

ఇక్కడ మందు ఇచ్చి పురుగుని చంపాలనుకోవడం పొరపాటు. చచ్చిన పురుగు ఆ చిన్న గదిలోనే కుళ్లి కన్నంతా వాపెక్కుతుంది. మత్తిచ్చి, నల్లగుడ్డు అంచున సన్నటి రంధ్రం చేస్తే లోపలి నీటితోపాటు పురుగు బయటికి వస్తుంది. అలవాటున్న పశువైద్యుడి చేతిలో అది జరిగిపోతుంది. పశువుకైతే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకోవచ్చు.

ఒక మెలిక ఉంది. పశువుల్లోనూ అరుగు మీద తిరిగే థెలేజియా ఉంది, థెలేజియా రోడేసీ అంటారు. దాన్ని మోసేవి పశువుల మొహం మీద వాలే ఈగలు, ఇంటి ఈగకి దగ్గరి చుట్టాలు. కాబట్టి గేదె కంట్లో పురుగు అన్నా సరే, లోపలా పైనా అని మొదట అడగాల్సిందే.

పిల్లల సంగతి

మా వీధి వాళ్ల భయం పిల్లల గురించి. అది కొట్టిపారేయాల్సింది కాదు. థెలేజియా మనుషుల కంట్లో కనిపించిన సందర్భాలు మన దేశంలో అస్సాం, కర్ణాటక, హిమాచల్ లాంటి చోట్ల నమోదయ్యాయి. లోకంలో ఎక్కువ కేసులు చైనాలో. ఈగ మొహం మీద వాలితే తోలుకోలేని పసిపిల్లలు, ముసలివాళ్లు ఎక్కువగా దొరుకుతారు. పసిపిల్లని తోటలో చెట్టు కింద పడుకోబెడితే పలచటి చీర గానీ దోమతెర గానీ కప్పడం మంచిది. కంట్లో పురుగు కనిపిస్తే ఇంట్లో లాగొద్దు, తెగిన ముక్క లోపల మిగిలిపోతుంది. కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

కుక్క నుంచి పిల్లల కంటికి నేరుగా ముప్పు తెచ్చే పురుగు ఒకటి నిజంగా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కుక్కపిల్లల కడుపులో ఉండే ఏలికపాము, టాక్సోకారా. దాని గుడ్లు పెంటతో మట్టిలో పడి, రెండు మూడు వారాలకి ముదురుతాయి. ఆ మట్టిలో ఆడుకున్న చేతులు నోట్లో పెట్టుకుంటే పురుగు పిల్ల ఒంట్లో తిరిగి కంటి వెనక పొరకి చేరి చూపు తగ్గించగలదు. ఇది బయటికి కనిపించదు, పాకదు, వీడియోకి దొరకదు. కుక్కపిల్లకి రెండు వారాల వయసు నుంచే, రెండేసి వారాలకి ఒకసారి, నట్టల మందు వేయించాలి. పెంటని ఏ రోజుకారోజు ఎత్తేయాలి. అన్నానికి ముందు పిల్లలు సబ్బుతో చేతులు కడగాలి. కుక్కని తోటలో వదిలేస్తే ఈ మూడింటిలో మొదటి రెండూ జరగవు.

ఇక ఈగలు, దోమల విషయం. జీడి కాపు రోజుల్లో గింజ తీసుకుని పండుని చెట్టు కిందే వదిలేస్తాం, అది పులిసి ఈగలు ముసురుతాయి. అక్కడ కుక్కని కట్టేయకుండా ఉంటే చాలు. కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో నీళ్లు పారబోస్తే దోమకి చోటుండదు. స్తోమత ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి నెలకోసారి వేసే మందు వాడితే థెలేజియాకి, కుక్కల ఫైలేరియాకి రెండింటికీ పనికొస్తుంది.

రెండు వారాల తర్వాత మళ్లీ చూపిస్తే తెల్లోడి ఎడమ కంట్లో ఇంకొక్కటి దొరికింది, అది చచ్చి ఉంది. పుండు మానింది. వెలుతురు పక్కనుంచి పడితే నల్లగుడ్డు మీద పొగమంచు చుక్కంత మసక ఇప్పటికీ కనిపిస్తుంది. గోధుమరంగు చార నెమ్మదిగా పోయింది.

పురుగుల సీసా కిటికీలో ఉంటే పక్కింటి పెద్దమ్మ ఒకరోజు అడిగి తీసుకుంది. ఎండకేసి పట్టుకుని ఒకటి, రెండు అని ఏడు దాకా లెక్కపెట్టింది. పోయిన నెలలో వాళ్ల గేదెకి కన్ను నీరు కారితే పసరు కోసం వెళ్లలేదు. మా ఇంటికొచ్చి, "ఓపాలి ఆ టార్చి లైటు ఇయ్యి బాబూ, పైన ఉన్నాదో లోపలున్నాదో సూసుకుని డాక్టరుకి ఫోను సేద్దుం" అంది.